తేనెపట్టులో రెండు పాఠాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పినవాడి చేతికి మైకు ఇస్తే ప్రమాదమేనని నిర్వాహకులకు తెలుసు. అందుకే భోజనాలకు ముందు పెట్టారు, మీకు ఆకలైతే నేనే ఆపుతానని. అయితే నేను మాట్లాడబోయేది కూడా ఆ భోజనం గురించే. పిండిపదార్థాలు, కొవ్వులు. తొమ్మిదో తరగతిలో మనం బట్టీ పట్టి, పరీక్ష రాసి, మరిచిపోయిన పాఠం.

ఆ పాఠం నాకు మాత్రం మరిచిపోలేని విధంగా మొదలైంది. మా తరగతిలో మన్ననూరు అవతలి పెంట నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే చెంచు మిత్రుడు ఒకడున్నాడు. ఈరోజు కూడా వచ్చాడు, మూడో వరుసలో కూర్చున్నాడు. ఒకసారి సెలవులకు ఇంటికి పోయి వస్తూ మోదుగాకులో తేనెపట్టు ముక్క చుట్టుకొని తెచ్చాడు. మేమందరం మీద పడి నాకేస్తుంటే మా సైన్స్ సార్ వచ్చారు. కొడతారని భయపడ్డాం. ఆయన ఆ ముక్కను బల్ల మీద పెట్టించి, "ఇండ్ల ఎన్ని వస్తువులున్నయో చెప్పుండ్రి" అన్నారు.

"తేనె ఒక్కటే సార్" అన్నాం.

ఆయన ముక్కను పిండి తేనెను గ్లాసెడు నీళ్లలో వేశారు. కలిసిపోయింది. మిగిలిన పిప్పిని నీళ్లలో వేశారు. తేలింది, ఎంత తిప్పినా కలవలేదు. దాన్ని తీసి, ఆరబెట్టి, దారం చుట్టి అంటించారు. దీపంలా వెలిగింది. "నీళ్లల్ల కలిసింది చక్కెర. కలవనిది మైనం, అది కొవ్వు జాతి. మరి ఈగ పువ్వు కాడ నుంచి తెచ్చింది తియ్యటి నీళ్లే గదా! ఈ మైనం యాడికెల్లి వచ్చింది?" అని అడిగారు. గంట కొట్టారు. సార్ జవాబు చెప్పలేదు. ఎప్పుడు చెప్పినా మేము వినే స్థితిలో లేమని ఆయనకు తెలుసేమో.

జవాబు నాకు ఎమ్మెస్సీలో దొరికింది. పని చేసే ఈగలు వయసులో ఉన్నప్పుడు వాటి పొట్ట కింది భాగంలో మైనం గ్రంథులు ఉంటాయి. అవి తేనె తాగుతాయి. ఆ చక్కెర వాటి ఒంట్లో మైనంగా మారి, సన్నని రేకుల్లా పొట్ట కింద ఊరుతుంది. ఆ రేకులను నమిలి మెత్తగా చేసి ఆరు పలకల గదులు కడతాయి. కిలో మైనం తయారు కావాలంటే ఆరేడు కిలోల తేనె ఖర్చవుతుందని తేనెటీగలు పెంచేవాళ్ల లెక్క. మన మిత్రుడు ఒకసారి నాతో అన్నాడు, "పట్టు మొత్తం కొయ్యం, కొంత ఈగలకు ఇడిచిపెడ్తం" అని. పట్టంతా కోస్తే ఈగలకు తిండి పోవడమే కాదు, ఇల్లు మళ్లీ కట్టుకోవడానికి ఇంకా ఎన్నో రెట్లు తేనె కావాలి. వాళ్ల పెద్దలకు ఆ లెక్క పుస్తకం లేకుండానే తెలుసు.

తేనెలో నూటికి ఎనభై పాళ్లు చక్కెరలే. ముఖ్యంగా రెండు: ఫ్రక్టోజ్, గ్లూకోజ్. గ్లూకోజ్ అణువులో ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు ఉంటాయి. ఈ ఒక్క అణువును పట్టుకుంటే మన ఊళ్లో కనిపించే సగం వస్తువులు అర్థమవుతాయి. జొన్న చేనులోకి పోదాం. జొన్న గింజలో ఉండేది స్టార్చ్. అంటే వందల, వేల గ్లూకోజ్ అణువులను గొలుసుగా గుచ్చిన దండ. అదే మొక్కకు చొప్ప ఉంటుంది. చొప్పలో ఎక్కువగా ఉండే సెల్యులోజ్ కూడా గ్లూకోజ్ దండే. పూసలు అవే, ముడి వేసే తీరు మాత్రం వేరు. స్టార్చ్‌లో ముడి ఒక తీరున ఉండి దండ మెలి తిరుగుతుంది. సెల్యులోజ్‌లో ప్రతి పూసా ముందు పూసకు తలకిందులుగా ఉండి దండ నిటారుగా సాగుతుంది, పక్క దండలతో కలిసి తాడులా బిగుస్తుంది. మొదటి ముడి విప్పే ఎంజైమ్ మన ఉమ్మిలోనే ఉంది. రెండో ముడి విప్పే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. ఎద్దు ఒంట్లోనూ లేదు, కానీ దాని కడుపులో కోట్లాది సూక్ష్మజీవులు కాపురం ఉండి ఆ పని చేసిపెడతాయి. అందుకే గింజ మనకు, చొప్ప ఎద్దుకు. పత్తి చేనులో తెల్లగా విచ్చుకునేది కూడా దాదాపు శుద్ధమైన సెల్యులోజే. మనం ఒకే అణువును తింటున్నాం, కట్టుకుంటున్నాం, పశువుకు వేస్తున్నాం.

నల్లమలలో తపసి చెట్టు బెరడు మీద కారే బంక కూడా ఈ కుటుంబంలోదే. చెంచులు సేకరించి అమ్మే ఆ బంక వేరే రకం చక్కెరలతో అల్లిన పెద్ద అణువు. నీళ్లు తాగి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. చెట్టుకు గాయమైన చోట అది కట్టు కడుతుంది. కాబట్టి పిండిపదార్థం అంటే బలం ఇచ్చేది మాత్రమే అనుకోవద్దు. అది గోడ, తాడు, గాయానికి కట్టు.

ఇక కొవ్వులు. గ్లిజరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలిస్తే నూనె లేదా నెయ్యి. మూడు తోకలున్న గాలిపటం అనుకోండి. తోకలు తిన్నగా ఉంటే ఒకదానిపక్కన ఒకటి సర్దుకొని గడ్డకడతాయి. చలికాలంలో నెయ్యి గడ్డకట్టేది అందుకే. తోకల్లో వంపులుంటే సర్దుకోలేవు, పల్లీ నూనె ద్రవంగానే ఉంటుంది. మన పాలమూరు చేలల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఆముదమే. ఆముదంలో నూటికి తొంభై పాళ్ల దాకా రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని తోక మధ్యలో ఒక ఆక్సిజన్, హైడ్రోజన్ జంట అదనంగా ఉండి అణువులను ఒకదానికొకటి అంటిపెడుతుంది. అందుకే ఆముదం అంత చిక్కన. మన అమ్మలు తలకు రాస్తే మూడు రోజులు వదలకపోయింది ఆ జంట వల్లే.

కొవ్వు పేరు చెబితే ఈరోజుల్లో అందరూ ముఖం చిట్లిస్తారు. కానీ కొవ్వు లేనిదే కణం లేదు. మన ఒంట్లో ప్రతి కణానికీ చుట్టూ ఉండే పొర రెండు వరుసల కొవ్వు అణువులే. ఒక కొస నీళ్లను ఇష్టపడుతుంది, మరో కొస నీళ్లకు దూరం జరుగుతుంది. మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. ఆ పొర లేకపోతే లోపలా బయటా అనే తేడానే లేదు. మెదడులోని నీరంతా తీసేస్తే మిగిలిన దానిలో సగానికి పైగా కొవ్వే. విచిత్రం ఏమిటంటే ఆ కొవ్వు మెదడు పని చేయడానికి రోజుకు నూట ఇరవై గ్రాముల దాకా గ్లూకోజ్ కావాలి. ఒకటి ఇల్లు, ఒకటి పొయ్యిలో కట్టె.

మరి కట్టెలు దాచుకునే పని వస్తే? మన ఒళ్లు గ్లూకోజ్‌ను గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో, కండరాల్లో దాస్తుంది. అంతా కలిపి అర కిలోకు అటూ ఇటూ. ఒక రోజు పస్తుకు కాలేయంలోది దాదాపు అయిపోతుంది. ఎక్కువ దాచుకోవచ్చు కదా అంటే గ్లైకోజెన్ ఒంటరిగా రాదు, గ్రాముకు మూడు గ్రాముల నీళ్లను వెంటబెట్టుకొని వస్తుంది. బలం చూస్తే గ్రాముకు నాలుగు కిలోకేలరీలే. కొవ్వుకు తొమ్మిది, పైగా నీళ్ల బరువు లేదు. మామూలు మనిషి ఒంట్లో ఉండే పది కిలోల కొవ్వులో 90 వేల కిలోకేలరీలు ఉంటాయి. అంతే బలం గ్లైకోజెన్‌గా దాచాలంటే నీళ్లతో కలిపి 90 కిలోలు మోయాలి. చంకన ఇంకో మనిషిని ఎత్తుకొని తిరిగినట్టు. అందుకే చక్కెర జేబులో చిల్లర, కొవ్వు గరిసెలో గింజలు.

చిల్లరను గరిసెలోకి మార్చే దారి ఈగలో ఎలా ఉందో మనలోనూ అలాగే ఉంది. ఆరు కార్బన్ల గ్లూకోజ్ విరిగి మూడు కార్బన్ల ముక్కలవుతుంది, అవి రెండు కార్బన్ల ముక్కలవుతాయి. ఆ రెండేసి ముక్కలు వరసగా అతుక్కొని పదహారు కార్బన్ల కొవ్వు ఆమ్లం తయారవుతుంది. ఈగ దానితో మైనం చేస్తుంది, మనం పొట్ట చేస్తాం.

తిరిగి వచ్చే దారి ఉందా? పల్లీ గింజకు ఉంది. గింజలో దాదాపు సగం నూనే. భూమిలో వేస్తే మొలక ఆ నూనెను చక్కెరగా మార్చుకొని వేరు, ఆకు కట్టుకుంటుంది. మన ఒంట్లో ఆ ఎంజైములు లేవు. మనం కొవ్వు ఆమ్లాన్ని గ్లూకోజ్‌గా మార్చలేం, కాల్చుకోగలం అంతే. కాల్చాలంటే పని చేయాలి. చక్కెర కాలినా, కొవ్వు కాలినా చివరికి కణం చేతికి వచ్చేది ఏటీపీ అనే అణువు. కండరం కదలాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా అదే కూలి. ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించిన వాళ్లలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. అమెరికాలో హార్వర్డ్ ప్రయోగశాలలో ఫిస్కేతో కలిసి కనుక్కున్నారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. పిల్లలకు ఏటీపీ పాఠం చెప్పేటప్పుడు ఆ పేరు కూడా చెప్పమని ఇక్కడున్న టీచర్లను కోరుతున్నాను.

ఇప్పటిదాకా చెప్పింది పాఠం. ఇక నా కథ.

ఇంత చదివినవాడి ఇంట్లో ఏం జరిగిందో చెబితేనే ఈ పాఠానికి అర్థం ఉంటుంది. మా అమ్మకు యాభై ఏళ్లు దాటాక షుగర్ వచ్చింది. నేను అప్పటికే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అమ్మతో ఒకటే మాట చెప్పాను, "అమ్మా, తీపి మానెయ్." ఆమె నిజంగానే మానేసింది. చాయ్‌లో చక్కెర లేదు, పండక్కి బూరె ముట్టదు, మనవడి పుట్టినరోజు కేకు వాసన కూడా చూడదు. కానీ మూడు పూటలా కంచం నిండా తెల్లన్నం. రాత్రి పెరుగన్నం. ప్రతిసారీ పరీక్షలో షుగర్ ఎక్కువే. ఒకరోజు కాగితం పట్టుకొని నన్ను అడిగింది, "తీపి నోట్ల పెట్టుకోలే బిడ్డా. మరి షుగర్ ఎట్ల వెరిగింది?"

నేను "మందులు సరిగ్గా వేసుకో" అన్నాను. అదే రోజు పొద్దున తరగతిలో స్టార్చ్ అంటే గ్లూకోజ్ దండ అని బోర్డు మీద బొమ్మ వేసి వచ్చాను. అన్నం ముద్దలో చక్కెర దాగి ఉందని అమ్మకు చెప్పాలని తట్టలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నెత్తురు మొత్తంలో ఉండే గ్లూకోజ్ ఐదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. చెంచాడు పట్టే చోటికి పదిహేను చెంచాల సరుకు వస్తుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేసే ఒంట్లో అది వెంటనే కండరానికి, కాలేయానికి, గరిసెకు పోతుంది. పనిచేయని ఒంట్లో నెత్తుట్లోనే తిరుగుతూ సన్నని రక్తనాళాలను పాడు చేస్తుంది. అమ్మకు మొదట పోయింది చూపు. చివరి ఆరేళ్లు నా గొంతు విని నన్ను గుర్తుపట్టింది. తీపి ముట్టకుండా, రుచి లేకుండా బతికి కూడా చూపు పోగొట్టుకుంది. అది మందుల తప్పు కాదు, అమ్మ తప్పు కాదు. తెలిసిన మాట ఇంటి భాషలో చెప్పని కొడుకు తప్పు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని పోయిన సమావేశంలో భోజనాల దగ్గర అర్థమైంది. విస్తళ్లు వేయగానే మా బ్యాచ్‌లో సగం మంది జేబుల్లోంచి బిళ్లల డబ్బాలు బయటికి తీశారు. పరుగు పందెంలో బడికి కప్పు తెచ్చిన మిత్రుడు ఒక పాదం లేకుండా వచ్చాడు. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, ఇంకో 13 కోట్ల మందికి పైగా ఆ అంచున ఉన్నారు.

మన ప్రాంతానికి ఇది ఎందుకు గట్టిగా తగులుతోంది? నాకు తోచింది చెబుతాను. మన తాతలు జొన్న గట్క తాగి, కరువు వస్తే తట్టా పారా పట్టుకొని వలసపోయినవాళ్లు. పాలమూరు లేబర్ మట్టి తవ్వని ప్రాజెక్టు ఎక్కడుంది? చాలీచాలని తిండి, ఒళ్లు విరిగే పని. దొరికిన ప్రతి గింజనూ దాచుకోవడం వాళ్ల ఒంటికి అవసరం. పూణేలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం మన దేశపు శిశువులను కొలిచి చూస్తే, ఇంగ్లండు పిల్లలకన్నా బరువు తక్కువగా పుట్టినా ఒంట్లో కొవ్వు పాలు మాత్రం ఎక్కువే ఉన్నట్టు తేలింది. సన్నగా కనిపించే ఒళ్లు కూడా లోపల గరిసె నింపుకుంటోంది.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని నేను తప్పు పట్టను. ఆ బియ్యం వల్లే మా ఇంట్లో రాత్రిపూట పొయ్యి వెలిగింది, నేను చదువుకున్నాను. కానీ తెల్లన్నం వచ్చింది, జొన్న పోయింది, తర్వాత పొలం పని కూడా తగ్గింది. మోటారు సైకిలు వచ్చింది. తిండి మారినంత వేగంగా ఒళ్లు మారలేదు.

"అయితే జొన్న తింటే సరిపోతుందా?" అని అడుగుతారు. జొన్నలోనూ వందకు 68 గ్రాముల దాకా పిండిపదార్థమే. తేడా పీచులో ఉంది. జొన్నలో పది గ్రాములు, తెల్ల బియ్యంలో మూడు గ్రాముల లోపు. మనం జీర్ణం చేసుకోలేని ఆ సెల్యులోజ్, దాని చుట్టాలూ అడ్డుపడి గ్లూకోజ్‌ను నెమ్మదిగా వదులుతాయి. ఎద్దుకు వేసే పదార్థం మనకూ కొంత కావాలి. అలాగని జొన్నను దేవతను చేయొద్దు. జొన్న తప్ప మరేమీ దొరకని పేదల్లో పెలాగ్రా అనే జబ్బు ఉండేదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త గోపాలన్ గారు, ఆయన సహచరులు 1960 ప్రాంతంలోనే చూపించారు. ఏ ఒక్క గింజా సరిపోదు. అదే సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం తిండిలో వచ్చే బలంలో గింజధాన్యాల వాటా 45 శాతానికి మించొద్దు. మిగతాది పప్పు, కూర, పల్లీలు, పాలు, గుడ్డు పంచుకోవాలి. మన కంచంలో అన్నం కొండలా ఉండి, పప్పు దాని మీద చినుకులా ఉంటుంది. దాన్ని తిరగేయాలి.

నూనె విషయంలోనూ ఒక మాట. నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించిన డాల్డా రకాల్లో తోకలు వంకర తీసి తిన్నగా చేసినవి కొన్ని ఉంటాయి. వాటినే ట్రాన్స్ కొవ్వులంటారు. గుండెకు చెడ్డవి. 2022 జనవరి నుంచి మన దేశంలో అవి రెండు శాతానికి మించకూడదని నిబంధన వచ్చింది. అయినా మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించే బండి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ముగిస్తాను. మూడు కోరికలున్నాయి. ఒకటి, ఇక్కడి సైన్స్ టీచర్లకు. పిల్లలతో అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క వేయించండి, నల్లబడుతుంది. తర్వాత చిటికెడు అన్నం నోట్లో వేసుకొని మింగకుండా రెండు నిమిషాలు నమలమనండి. నాలుక మీద కొంచెం తీపి తగులుతుంది. ఉమ్మి ఆ దండను విప్పుతోందన్నమాట. ఆ తీపి తగిలిన పిల్లవాడు ఇంటికి పోయి వాళ్ల అవ్వకు చెప్పాలి. హోంవర్క్ అదే.

రెండు, మన సంఘానికి. స్వర్ణోత్సవం గుర్తుగా ఏడాదికి ఒకసారి ఈ బడి ఆవరణలో పిల్లల తల్లిదండ్రులకు షుగర్ పరీక్ష చేయిద్దాం. మొదటి సారి ఖర్చు నాది. అమ్మ పేరు పెట్టనక్కరలేదు.

మూడు, మీ అందరికీ. ఇవాళ వంటవాళ్లతో మాట్లాడి ముందు పప్పు, కూర, పల్లీ పొడి, జొన్న రొట్టె వడ్డించమన్నాను, ఆ తర్వాతే అన్నం. బూరె కూడా ఉంది, భయపడకండి. ఒకటి తిని, సాయంత్రం ఉమామహేశ్వరం మెట్లెక్కుదాం. ఎక్కలేనివాళ్లు చెరువు కట్ట మీద నడుద్దాం.

ఇంకొకటి. మూడో వరుసలోని మిత్రుడు ఈసారి కూడా మోదుగాకులో తేనెపట్టు తెచ్చాడు. అది నాకు కాదు, ఇక్కడి తొమ్మిదో తరగతి పిల్లలకు. రేపు పొద్దున మొదటి పీరియడ్‌లో దాన్ని బల్ల మీద పెట్టి, మా సార్ అడిగిన ప్రశ్నే అడగండి. జవాబు మాత్రం అదే రోజు చెప్పండి. మేము చాలా ఆలస్యం చేశాం.